ఇద్దరికి బుక్ చేసిన శనివారం

కావ్యశ్రీ ఆ శనివారాన్ని ఇద్దరికే బుక్ చేసింది. ట్రాక్టర్ బండి మీద ఊరు చూడడానికి రెండు టికెట్లు, ద్రాక్షతోటలో వైన్ టేస్టింగ్‌కి రెండు కుర్చీలు. అంతే. తీరా శనివారం పొద్దున ఫ్రిస్కోలో వాళ్ళింటి ముందు నిలబడి చూసుకుంటే ఏడుగురు మనుషులు, రెండు బళ్ళు, నాలుగు స్టీలు క్యారియర్లు, ఒక ఉసిరి మొక్క తేలాయి.

మొక్క సంగతి తరవాత చెప్పుకుందాం. ముందు మొగుడి సంగతి.

రఘువీర్ మంచివాడు. ఆ మాట కావ్య కూడా కాదనదు. ఎం.ఎస్. చదివే రోజుల్లో ఇద్దరిదీ ఒకే క్లాసు. అప్పటినుంచీ చూస్తోంది, ఎవరికి కష్టమొచ్చినా అర్ధరాత్రి ఎయిర్‌పోర్టుకైనా బండేసుకుని వెళ్ళే మనిషి. కాకపోతే అతనికి ఒక జబ్బుంది. ఎక్కడికైనా ఇద్దరే వెళ్ళడం అతనికి చేతకాదు. హనీమూన్‌కి కొలరాడో వెళితే రెండో రోజుకల్లా పాత రూమ్మేట్లు ఇద్దరు అక్కడ ప్రత్యక్షమయ్యారు. సినిమాకి మూడు కుటుంబాలు, గుమ్మడికాయల తోటకి ఆరు కుటుంబాలు. దానికి తోడు నోట్లో నువ్వుగింజ నానదు. మంగళవారం కావ్య "శనివారం మనిద్దరం ఇలా వెళ్దాం" అని చెప్పిందా, బుధవారం పొద్దున ఆమె పళ్ళు తోముకునేలోపల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. "లిండెన్‌బర్గ్ విలేజ్ టూర్, వైన్ టేస్టింగ్. ఎవరెవరు వస్తున్నారు?"

రఘు స్నేహితుడు శ్యామ్‌సుందర్ కుటుంబం వస్తానంది. పక్క వీధి వీరభద్రరావు దంపతులు వస్తామన్నారు. ఇక పిలవని పేరంటం అనడానికి కూడా లేదు, పిలిచిందే తన మొగుడాయె.

మామూలు వారమైతే కావ్య రెండు రోజులు అలిగి మూడో రోజు పులిహోర కలిపేది. ఈ వారం మామూలు వారం కాదు. సోమవారం నాడు ఆమెకి ఒక ఆఫర్ వచ్చింది. పన్నెండేళ్ళుగా ప్లేనో ఆఫీసులో చేస్తున్న కంపెనీయే, జెర్సీ సిటీలోని హెడ్డాఫీసులో డైరెక్టర్ పోస్టు ఇస్తానంది. వారానికి నాలుగు రోజులు అక్కడే ఉండి తీరాలి. కూతురు ఇషిత హైస్కూలు అయ్యేదాకా, అంటే ఇంకో రెండేళ్ళ పాటు, ఇల్లు కదిలించడం కుదరదు. వెళితే కావ్య ఒక్కతే వెళ్ళాలి. సోమవారం తెల్లారి ఫ్లయిట్ ఎక్కడం, గురువారం రాత్రి దిగడం. శుక్రవారంలోగా జవాబు చెప్పమంటే ఒక్క రోజు బతిమాలి తెచ్చుకుంది. శనివారం సాయంత్రం ఐదు, అదీ న్యూయార్క్ టైము. ఇక్కడ టెక్సస్‌లో నాలుగు. ఇంక నిమిషం కూడా పొడిగించేది లేదని వాళ్ళు ముందే తేల్చేశారు.

వెళ్ళాలా వద్దా అన్నది ఒక్కతే కూర్చుని తేల్చుకోవడం ఆమెకి ఇష్టం లేదు. రఘు ఎదురుగా కూర్చుని చెప్పాలి, అతని నోటితో ఒక మాట వినాలి. వెళ్ళమంటే వెళ్తుంది. ఉండమంటే ఉండిపోవడానికి కూడా మనసు సగానికి పైగా సిద్ధం చేసుకుంది. ఇంట్లో ఆ మాట పడే వీలు లేదు. ఎనిమిదైతే అతనికి ఇండియా టీముతో కాల్స్, అవయ్యేసరికి ఆమెకి నిద్ర. "కొంచెం మాట్లాడాలి" అని రెండుసార్లు అంది. "వీకెండ్ తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ తీరిక కోసమే ఈ ద్రాక్షతోట.

సరే, జనం వస్తే వచ్చారు, దారిలో కారులో గంటన్నర ఇద్దరమే కదా అని సర్దుకుంది. ఏడున్నరకి బయల్దేరాల్సినవాళ్ళు తొమ్మిదింటికి బళ్ళ దగ్గరికి చేరారు. కావ్య ముందు సీటు తలుపు తీయబోతుంటే రఘు గొంతు వినిపించింది.

"ఆంటీ, మీరు మా బండిలో రండి. వ్యాన్‌లో వెనక కూర్చుంటే మీకు తల తిరుగుతుంది. ముందు కూర్చోండి, హాయిగా ఉంటుంది."

ఆంటీ అంటే శ్యామ్‌సుందర్ తల్లి వసంతలక్ష్మి. రాజమండ్రి నుంచి వచ్చి మూడు నెలలైంది. చేతిలో ఉసిరి మొక్క ఉన్న కుండీ పట్టుకుని దిగింది. అది కార్తీకమాసం. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద భోజనం చెయ్యకపోతే ఆవిడకి ఏడాదంతా వెలితి. టెక్సస్‌లో ఉసిరి చెట్లు ఎక్కడుంటాయి? కోడలు మీనా ఎవరో నర్సరీవాళ్ళని పట్టుకుని మోకాలెత్తు మొక్క కొనిపెట్టింది. ఇప్పుడు ఆ మోకాలెత్తు చెట్టు కింద వనభోజనం.

"మొక్క జాగ్రత్త కావ్యా. ఆకులు రాలకుండా చూడు తల్లీ" అని ఆవిడ కుండీని కావ్య ఒళ్ళో పెట్టింది.

కావ్య వెనక సీట్లో కూర్చుని, పక్క సీట్లో మొక్కని నిలబెట్టి దానికి సీటు బెల్టు పెట్టింది. ఆ గంటన్నరా ముందు సీట్లో వసంతలక్ష్మి తన మోకాళ్ళ గురించి, రాజమండ్రిలో పెరిగిన ఎండల గురించి చెబుతూనే ఉంది. రఘు ఊ కొట్టడమే కాదు, ఆవిడ ఆగినప్పుడల్లా "తరవాత ఏమైంది ఆంటీ?" అని ఎగదోస్తున్నాడు. కావ్య అద్దంలోంచి అతని కళ్ళు పట్టుకోవాలని చూసింది. దొరకలేదు.

"రఘూ, నీతో..." అని మొదలుపెట్టి, ముందున్న పెద్దావిడ గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. "ఏవండీ, మీతో దిగాక కొంచెం మాట్లాడాలి."

పదిహేడేళ్ళ కాపురంలో ఆమె ఏవండీ అనడం ఇదే మొదటిసారి. రఘు కూడా ఉలిక్కిపడ్డాడు.

"ఓ, తప్పకుండా" అని, "ఆంటీ, మీ చెల్లెలుగారి సంగతి చెబుతున్నారు" అన్నాడు.

లిండెన్‌బర్గ్ నూట యాభై ఏళ్ళ కిందట జర్మనీ నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊరు. రాతి గోడలు, రేకు కప్పులు, ఒక చర్చి, ఒక కమ్మరికొలిమి, జామ్ సీసాలమ్మే కొట్లు పది. ట్రాక్టర్ వెనక కట్టిన బండిలో గడ్డిమోపుల మీద కూర్చోబెట్టి ఊరంతా తిప్పుతారు. కావ్య ముందే ఎక్కి పక్కన చెయ్యి ఆనించి చోటు పట్టింది. రఘు ఎక్కి, ఆ చోటు చూసి, "వీరభద్రరావుగారూ, ఇలా రండి, ఇక్కడ ఎండ పడదు" అన్నాడు. ఆయన ధన్యవాదాలు చెప్పి కూలబడ్డాడు. ఆ అరగంటలో కావ్యకి ఫ్రిస్కోలో ఇళ్ళ ధరలు ఎందుకు పడిపోతున్నాయో క్షుణ్ణంగా తెలిసింది.

బండి ఒక చిన్న ఇంటి దగ్గర ఆగింది. ఒకే గది, పైన ఒక అటక, బయట నుంచి మెట్లు. గైడు చెప్పాడు, వీటిని ఆదివారం ఇళ్ళంటారట. పొలాలు దూరంగా ఉండే రైతులు శనివారం వచ్చి, ఒక రాత్రి పడుకుని, ఆదివారం చర్చికి వెళ్ళి తిరిగి పోవడానికి కట్టుకున్నవట. వారానికి ఒక్క రోజు కాపురం ఉండే ఇల్లు. కావ్యకి ఇంతకన్నా మంచి సందు దొరకదనిపించి, దిగి రఘు పక్కన నిలబడి మెల్లిగా అంది.

"చూడు రఘూ, వారానికోసారి కలిసి ఉండే ఇల్లు. మనమైతే అలా ఉండగలమంటావా?"

రఘు ఆ తలుపు వంక ఒక్క క్షణం చూశాడు. ఏదో చెప్పబోతున్నాడనే అనుకుంది.

"శ్యామ్! ఇటు రారా, దీని కప్పు చూడు, ఎంత బాగా కట్టారో! మీనా, నువ్వూ రా, ఫొటో తీస్తా!"

అందరూ వచ్చారు. ఫొటో తీశారు. వసంతలక్ష్మి లోపలికి తొంగిచూసి, "ఇంత ఇంట్లో స్నానం ఎక్కడ చేస్తారమ్మా?" అని అడిగింది. కావ్యకి ఒళ్ళు మండిపోయింది.

అక్కడినుంచి ద్రాక్షతోటకి. నవంబరు నెల, పళ్ళు కోసేసి మూడు నెలలైంది. ఆకులు పసుపు పచ్చగా తిరిగి వరసలన్నీ ఖాళీగా ఉన్నాయి. కావ్య ఇద్దరికి బుక్ చేసిన మూల బల్లని వాళ్ళు ఏడుగురికి పొడవు బల్లగా మార్చి వేశారు. రఘు ముందురోజే ఫోన్ చేసి చెప్పాడట. అది కూడా కావ్యకి అక్కడికొచ్చాకే తెలిసింది.

గ్లాసులు పంచుతూ అక్కడి అమ్మాయి ఎవరెవరికి పొయ్యాలని అడిగింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

"నాకొద్దు. కార్తీకం" అన్నాడు శ్యామ్‌సుందర్.

"మరి వైన్ టేస్టింగ్‌కి ఎందుకు వచ్చారండీ?" అంది కావ్య.

"గాలి బాగుంటుందని! అయినా కావ్యగారూ, అమ్మ ఉన్నప్పుడు ఈ నెలంతా ఉల్లిపాయే ముట్టను. మందెలా ముడతాను?"

"నాక్కూడ వద్దు. శనివారం గద" అంది మీనా. ఆమెది వరంగల్. "తియ్యగుంటే చెప్పుండ్రి, వాసన చూస్త."

వీరభద్రరావు భార్య తులసికోటకి దీపం పెట్టి వచ్చానంది. వీరభద్రరావు మాత్రం గ్లాసు ముందుకి జరిపి, ఇది మందు కిందకి రాదనీ, పులిసిన పండ్లరసమనీ, కార్తీకంలో ఫలాహారం మంచిదేననీ సెలవిచ్చాడు. రఘు డ్రైవ్ చెయ్యాలి కాబట్టి నాలిక తడుపుకుంటానన్నాడు. ముందే డబ్బు కట్టారు కాబట్టి పిల్ల ఏడు గ్లాసుల్లోనూ పోసింది. వద్దన్నవాళ్ళ గ్లాసులు బల్ల మధ్యలో చేరాయి. కాసేపటికి చూస్తే మూడు ఖాళీ. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం అన్నట్టుంది వ్యవహారం.

ఆ అమ్మాయి పాపం చదువుకున్నది. ఈ వైన్‌లో తోలు వాసన వస్తుంది, పొగాకు వస్తుంది, వాన పడ్డ మట్టి వస్తుంది అని చెబుతోంది.

"ఏమంటోందిరా?" అని కొడుకుని అడిగింది వసంతలక్ష్మి.

"చెప్పులు, బీడీలు, బురద వాసనొస్తుందంటోందమ్మా."

"అయ్యో, మరి తాగడమెందుకూ?"

ఇంతలో వీరభద్రరావు ఒక గుక్క పుక్కిలించి పక్కనున్న లోహపు గిన్నెలో ఊశాడు. అది అందుకే పెట్టారు, ఎక్కువ రకాలు రుచి చూసేవాళ్ళు మింగకుండా ఊసెయ్యడానికి. వసంతలక్ష్మి ముఖం చూడాలి.

"భోజనాల బల్ల మీద ఎంగిలి ఊస్తారా! ఆ గిన్నె పక్కనే బిస్కట్లు పెట్టారేమిటే మీనా!" అని కుర్చీ వెనక్కి లాగేసింది. ఆపైన బిస్కట్లు ఎవరూ ముట్టలేదు.

కావ్యకి మాత్రం తన గ్లాసులో ఉన్నదేమిటో కూడా తెలియలేదు. గడియారం చూసింది. రెండు పది. ఫోన్ మోగింది. ఇంటి దగ్గర్నుంచి ఇషిత.

"అమ్మా, నాన్నకి చెప్పేశావా?"

కావ్య లేచి పక్కకి నడిచింది. "లేదు కన్నా. ఇక్కడ అందరూ ఉన్నారు."

"ఓ మై గాడ్, అమ్మా. ఇట్స్ టూ ఓ క్లాక్. జస్ట్ చెప్పు. నాన్న ఏం అనడు. ఐ మీన్, సాడ్ అవుతాడు. బట్ చెప్పాలి కదా?"

పదహారేళ్ళ పిల్లకి తెలిసిన పాటి తెలివి తనకెందుకు లేకపోయింది? కావ్య నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి రఘు భుజం మీద తట్టింది.

"తోటలోకి వెళ్దాం రా. పది నిమిషాలు."

ఇద్దరూ ద్రాక్ష వరసల వైపు నాలుగడుగులు వేశారో లేదో, రఘు వెనక్కి తిరిగాడు. "ఆంటీ, కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టేస్తాయి. మీరూ రండి, నడుద్దాం!"

వసంతలక్ష్మి వచ్చింది. ఆవిడ వెనక మీనా. మీనా వెనక ఫోన్ పట్టుకుని శ్యామ్. ద్రాక్షాకుతో పప్పు చేసుకోవచ్చా అన్న చర్చ మొదలై మూడు వరసల పొడుగునా సాగింది. చింతచిగురులా పుల్లగా ఉంటుందని ఒకరు, వగరని ఒకరు. రఘు కూడా ఒక ఆకు తుంచి నమిలి తన అభిప్రాయం చెప్పాడు. కావ్య అతన్ని చూస్తూ నిలబడిపోయింది. ఇతనికి ఆకుకూరల మీద ఇంత శ్రద్ధ ఎప్పటినుంచి? ఇంట్లో పాలకూర పెడితే కంచం అంచుకి నెట్టే మనిషి.

మూడుంబావుకి ఉసిరి మొక్కకి వేళయింది. తోట చివర చెట్ల నీడలో రెండు బల్లలున్నాయి. బల్ల మీద కుండీ పెట్టి, దాని మొదట్లో పసుపు కుంకుమ వేసి, వసంతలక్ష్మి దణ్ణం పెట్టుకుంది. మోకాలెత్తు మొక్క కింద ఏడుగురూ ఎలా కూర్చుంటారన్న ప్రశ్నకి ఆవిడ దగ్గర సమాధానం ఉంది. నీడ ఒక్క విస్తరి మీద పడినా చాలట. అరిటాకులు లేవు కాబట్టి కాగితం ప్లేట్లు. క్యారియర్లు విప్పారు. పులిహోర, గుత్తివంకాయ, కంద బచ్చలి, చక్రపొంగలి, దద్దోజనం. ఆకలి వేళ ఆ వాసనకి కావ్యకి కూడా నోరూరింది, కోపంలో ఉండి ఒప్పుకోలేదు గానీ.

సరిగ్గా మొదటి ముద్ద ఎత్తేవేళకి తోట మేనేజరు వచ్చింది. బయటి తిండి తేకూడదు, బోర్డు పెట్టాం, చూడలేదా అంది. మర్యాదగానే అంది. శ్యామ్ ఇది ఫుడ్ కాదు, ప్రసాదం అన్నాడు. ఆవిడకి ప్రసాదమంటే ఏమిటో విడమరచి చెప్పాల్సి వచ్చింది. చెప్పాడు. ఆవిడ విన్నది, అయినా ఫుడ్డే కదా అంది. అదీ నిజమే.

అప్పుడు రఘు లేచాడు. "నేను మాట్లాడతా" అన్నాడు. మాట్లాడాడు కూడా. ఆవిడ ఊరు, ఆవిడ తాతలు ఎక్కడినుంచి వచ్చిందీ, ఈ తోట ఎన్ని ఎకరాలు, మంచు పడితే తీగల్ని ఎలా కాపాడతారు, ఒక్కొక్కటీ అడిగి తీరిగ్గా వింటున్నాడు. పదిహేను నిమిషాలు. చివరికి పన్నెండు సీసాల పెట్టె కొంటానన్నాడు, తోట క్లబ్బులో చేరతానన్నాడు. వనభోజనానికి అనుమతి దొరికింది. బల్ల దగ్గర చప్పట్లు కొట్టారు.

"మీ ఆయన బంగారం కావ్యా" అంది వసంతలక్ష్మి, ఆమె ప్లేటులో చక్రపొంగలి వడ్డిస్తూ. "ఎంత ఓర్పు! ఎవరితోనైనా ఎంతసేపైనా మాట్లాడతాడు."

కావ్య ప్లేటు కింద పెట్టేసింది.

రఘు పెట్టె మోసుకుని కార్లు ఆపిన చోటికి వెళ్తున్నాడు. ఆమె వెనకే వెళ్ళింది. నడిచిందనడం కన్నా తరుముకెళ్ళిందనడం నయం. అతను డిక్కీ తెరిచి పెట్టె సర్దుతూ ఆమెని చూశాడు. చూసి, ఆమె భుజం మీదుగా బల్లల వైపు చెయ్యెత్తాడు.

"వీరభద్రరావుగారూ, ఓసారి..."

"ఎవర్నీ పిలవకు!" అని అరిచింది కావ్య. "ఒక్క మనిషిని పిలిచావంటే ఆ సీసాలన్నీ ఇక్కడే పగలగొడతాను. పొద్దున్నించీ చూస్తున్నా. నేను నోరు తెరిస్తే చాలు, ఎవడో ఒకడు మధ్యలో ఉండాలి. బండిలో ఆంటీ, గడ్డి మీద ఆయన, తోటలో ఊరంతా. ఆఖరికి ఆ మేనేజరు తాతల్ని కూడా తవ్వి తీశావు. పెళ్ళాంతో పది నిమిషాలు మాట్లాడ్డానికి నీకు అంత ఏం రోగం?"

రఘు చెయ్యి దించాడు. చేతి గడియారం చూసుకున్నాడు. అలవాటుగా చూసుకున్నట్టు లేదు.

"పావుగంటే ఉంది" అన్నాడు. "నాలుక్కే కదా?"

కావ్యకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. నాలుగనేది ఆమె అతనికి చెప్పనే లేదు.

"నీకెలా తెలుసు?"

"ప్రింటర్‌లో పేపర్ అయిపోయిందని మంగళవారం రాత్రి పేపర్ పెట్టాను. నీ లెటర్ బయటికి వచ్చింది. మూడు పేజీలు." అతను డిక్కీ అంచు పట్టుకుని మాట్లాడుతున్నాడు. "చదివాను. ఫ్రైడే డెడ్‌లైన్ అని ఉంది. కానీ అది మారిందని తెలుసు. ఆ సాయంత్రమే నువ్వు గరాజ్‌లో ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నా, సాటర్డే ఫైవ్ ఈస్టర్న్ అని."

నోట్లో నువ్వుగింజ నానని మనిషి నాలుగు రోజులు ఇంత పెద్ద మాట కడుపులో దాచుకున్నాడు. ఆమె నిద్రపోతున్న మంచం మీదే పడుకుని, ఆమె పెట్టిన టీ తాగి దాచుకున్నాడు.

"అంటే బుధవారం గ్రూపులో మెసేజ్ పెట్టింది..."

"తెలిసే పెట్టాను."

"ఎందుకు?"

"నువ్వు అడుగుతావని తెలుసు. అడిగితే వెళ్ళమని చెప్పడం నా వల్ల కాదు. వద్దని చెప్పే మొహం నాకు లేదు. పన్నెండేళ్ళు కష్టపడ్డావు, నేను వద్దంటే జీవితాంతం ఆ మాట మనింట్లో తిరుగుతుంది. అందుకని..." ఆగాడు. "నాలుగు దాటిపోతే ఇంక మాట్లాడక్కర్లేదనుకున్నా. ఎవ్వరం ఏమీ అనకుండానే అయిపోతుంది కదా అని."

గాలి బాగానే వీస్తోంది. శ్యామ్ చెప్పిన గాలి ఇదే కాబోలు. అవతల మీనా ఎవరినో ఇంకొంచెం పెరుగన్నం వేసుకొమ్మని బలవంతపెడుతోంది. కావ్యకి ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చుంటే బాగుండునని కూడా అనిపించలేదు. పొద్దున్నించి తను చూసినదంతా, ఆ నవ్వులు, ఆ పిలుపులు, ఆ ద్రాక్షాకు పప్పు, అదంతా గడియారం ముల్లుని నెట్టడం. తన చేతిని తనకి తెలియకుండా పట్టుకుని కూర్చోవడం.

"ఇషితకి చెప్పావు" అన్నాడు రఘు. అతని గొంతులో ఇప్పుడు కొంచెం కోపం కూడా ఉంది. "దానికి చెప్పి నాకు చెప్పలేదు. అది కూడా తెలుసు నాకు."

"అది అడిగింది. ఏంటమ్మా అలా ఉన్నావని అడిగింది. నువ్వు అడిగావా?" అంది కావ్య. "నీకు చెప్పడానికే కదా ఈ రోజుని బుక్ చేసింది. రెండు టికెట్లు, రెండు కుర్చీలు. నీ ముందు కూర్చుని చెబుదామని. నేనేం అడగబోయానో తెలుసా నీకు? వెళ్ళనా అని కాదు. ఉండమంటావా అని."

రఘు తలెత్తాడు.

ఆమె ఫోన్ తీసింది. మెయిల్ రెండు రోజుల కిందటే రాసి పెట్టుకుంది. ఒకటి కాదు, రెండు. ఒకటి ఒప్పుకుంటూ, ఒకటి క్షమించమంటూ. మూడు యాభై ఒకటి అయింది.

"ఆగు" అన్నాడు రఘు. "ఒక్క నిమిషం ఆగు కావ్యా. ఇప్పుడు మాట్లాడుకుందాం. ఎవర్నీ పిలవను. నేను వద్దంటే ఆగేదానివా?"

"పొద్దున అని ఉంటే ఆగేదాన్ని."

"ఇప్పుడంటే?"

కావ్య అతని ముఖంలోకి చూసింది. పొద్దున్నించీ దొరకని కళ్ళు ఇప్పుడు దొరికాయి. తడిగా ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆమె మనసు ఊగింది. ఇంకో రోజైతే, ఇంకో కారణమైతే, ఆ కళ్ళ కోసం రెండో మెయిల్ పంపేసేదే. కానీ ఈ మనిషి తనని వద్దనలేదు, ఉండమనలేదు. తనని ఒక్క మాట అననివ్వకుండానే తన జీవితాన్ని గడువు దాటించెయ్యబోయాడు. అది మరిచిపోయి వంటింట్లో ఇతని పక్కన నిలబడడం తనకి చేతకాదు.

"ఇప్పుడు నువ్వు అడుగుతున్నది నేను నిన్ను పట్టేశాను కాబట్టి" అంది. మొదటి మెయిల్ తెరిచి, ఒకసారి చదువుకుని, పంపించేసింది.

చిన్న శబ్దం వచ్చింది. అంతే. పన్నెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగినదానికి అంత చిన్న శబ్దమా అనిపించింది ఆమెకి.

రఘు డిక్కీ మూశాడు. మూసి దానికి ఆనుకుని నిలబడ్డాడు. బల్లల దగ్గరినుంచి శ్యామ్ కేక వేశాడు. "బాసూ, గ్రూప్ ఫొటో! రండి రండి!" రఘు పలకలేదు. చెయ్యి కూడా ఊపలేదు. కావ్య అది గమనించింది. పదిహేడేళ్ళలో ఎవరైనా పిలిస్తే అతను పలకకపోవడం అదే మొదలు.

ఆమె వైపు తిరిగి అడిగాడు. "ఎప్పుడు జాయిన్ అవ్వాలి?"

"జనవరి మొదటి వారం."

"చలి చంపేస్తుందక్కడ. నీకసలే పడదు."

"కోటు కొనుక్కుంటా."

"ఆఫీసుకి దగ్గర్లో అపార్ట్‌మెంట్ చూసుకోవాలి మరి. ట్రెయిన్ పక్కనైతే నయం." అతను చెప్పుల వంక చూస్తూ అన్నాడు. "ఇల్లు చూడ్డానికి నేనూ రానా?"

కావ్యకి కోపం పోలేదు, ఇప్పట్లో పోయేలా కూడా లేదు. రెండేళ్ళ పాటు గురువారం రాత్రుళ్ళు ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొచ్చే దారిలో ఈ కోపాన్ని కొంచెం కొంచెం ఖర్చు పెట్టాల్సి ఉంటుంది. ఆ దారిలో బండి నడిపేది మాత్రం ఇతనే.

"రా" అంది. "ఒక్కడివే రా. గ్రూపులో పెట్టకు."